తిమింగలాల వేట ఆగాలని ఆన్‌లైన్ల పని చేద్దామనుకునే వరంగలోళ్లకు: తరచుగా అడిగే ప్రశ్నలు

మన గ్రూపుల కొత్తగ ఎవరు చేరినా ఇవే అడుగుతున్నరు, ఒక్కొక్కరికి వాయిస్ మెసేజ్ పెట్టి చెప్పుడు నాతోని కావట్లే, గందుకే అన్నీ ఒక్క కాడ రాసి పెడుతున్న. మనది రిజిస్టర్ అయిన సంస్థ గిట్ల కాదు, హన్మకొండ, కాజీపేట, ములుగు, జనగామ దిక్కు కొందరం కలిసి ఫోన్ల మీద చేసుకునే పని. పెద్దగున్నదని భయపడకుండ్రి, మీకు కావల్సిన ప్రశ్న చూసుకొని అదొక్కటి చదువుకున్నా సరే.

సముద్రం మొఖమే చూడని మనకు తిమింగలాలతోటి ఏం పని అక్కా?

ఇది అడగనోళ్లు లేరు, మా ఇంట్ల సుత అడుగుతరు. నిజమే, మనం పొద్దుగూకినంక కాజీపేటల గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారి వైజాగ్‌ల గాని సముద్రం కనపడది. కాని జర సోంచాయించుండ్రి, ఇయ్యాల తిమింగలాలను వేటాడేది వైజాగ్ కాడనా? నార్వే, ఐస్‌లాండ్, జపాన్ సముద్రాలల్ల. అక్కడికి వైజాగోళ్లకు ఎంత దూరమో మనకూ అంతే. పడవేసుకొని పోయి అడ్డం నిలబడుడు వాళ్లతోని కాదు మనతోని కాదు, ఫోన్ల చేసే పనికి మాత్రం ఎవరికి ఏ అడ్డం లేదు.

ఇంకోటి, మన దేశానికి ఇందుల ఓటున్నది. ఐడబ్ల్యూసీ అని అంతర్జాతీయ తిమింగలాల కమిషన్ ఉంటది, 1946ల వాషింగ్టన్‌ల చేసుకున్న ఒప్పందం మీద నడుస్తది, ఇండియా 1981 నుంచి అందుల మెంబరు. హిందూ మహాసముద్రం మొత్తం 1979లనే వేట లేని ప్రాంతంగ ప్రకటించిండ్రు. ఢిల్లీల పర్యావరణ శాఖకు ఒక మెయిల్ రాసే హక్కు ముంబైల ఉన్నోళ్లకు ఎంతున్నదో ములుగుల ఉన్నోళ్లకూ అంతే ఉన్నది.

తిమింగలాల వేట ఎప్పుడో బ్యాన్ అయింది కదా, ఇంకా నడుస్తుందా?

నడుస్తుంది. 1982ల కమిషన్‌ల ఓటింగ్ పెడితే 25 దేశాలు ఆపాలె అన్నయి, 7 వద్దన్నయి, 5 గమ్మునున్నయి. 1986 నుంచి వ్యాపారం కోసం వేటాడుడు బందయింది, కాగితం మీద. కాని ఆ ఒప్పందంల ఒక సందున్నది, ఏ దేశమన్న టైముకు అభ్యంతరం చెప్తే ఆ దేశానికి ఆ రూలు వర్తించదు. నార్వే గట్లనే అభ్యంతరం పెట్టి 1993 నుంచి మళ్ల మొదలుపెట్టింది. ఐస్‌లాండ్ 1992ల బయటికి పోయి, 2002ల ఈ రూలుకు మేం ఒప్పుకోం అని ముందే చెప్పి మళ్ల లోపలికి వచ్చి, 2006 నుంచి వ్యాపారానికి వేట షురూ చేసింది.

జపాన్ కథ వేరే. వాళ్లు చాన ఏండ్లు రీసెర్చ్ కోసం కొడుతున్నం అని అంటార్కిటికా దాక పోయి కొట్టేటోళ్లు, మాంసం మాత్రం మార్కెట్‌కు వచ్చేది. ఆస్ట్రేలియా కేసేస్తే 2014 మార్చి 31న అంతర్జాతీయ న్యాయస్థానం ఇది సైన్స్ కోసం చేసేది కాదు, పర్మిట్లు ఆపుండ్రి అని తీర్పిచ్చింది. ఆఖరుకు జపాన్ 2019 జూన్ 30న కమిషన్ల నుంచే బయటికి పోయి తెల్లారి జూలై 1 నుంచి సొంత సముద్రంల ఖుల్లాగ వ్యాపారం మొదలుపెట్టింది. 2024ల కాంగేయి మారు అని కొత్త ఓడ దించిండ్రు, అదే ఏడు ఫిన్ తిమింగలాన్ని సుత లిస్టుల కలిపిండ్రు. ఫిన్ అంటే నీలి తిమింగలం తర్వాత అంత పెద్దది అదే. ఒక్క మంచేందంటే బయటికి పోయినంక అంటార్కిటికాకు పోవుడు బందు పెట్టిండ్రు, ఈ మాట మనోళ్లు పోస్టుల చెప్పరు, చెప్పాలె. పాత పోస్టర్ల ఇంకా "అంటార్కిటికాల జపాన్ వేట" అనే ఉంటది, అది షేర్ చేస్తే ఎదుటోడు ఒక్క నిమిషంల మనల్ని తప్పు పడతడు.

మనం ఫోన్ల కొట్టుకుంటే అక్కడ వేట ఆగుతదా?

మనం కొట్టుకుంటేనే ఆగుతదని ఎవరన్న చెప్తే నమ్మకుండ్రి. ఎట్ల ఆగుతదో ఐస్‌లాండ్‌ల చూస్తే తెలుస్తది, గందుకే ఇది కొంచెం వివరంగ రాస్తున్న.

ఐస్‌లాండ్‌ల ఫిన్ తిమింగలాలను కొట్టేది ఒక్కటే కంపెనీ, పేరు వాలుర్. అక్కడి సర్కారు 2022 వేట కాలంల ఓడల మీదికి ఇన్‌స్పెక్టర్లను పంపి వీడియో తీపిచ్చింది. వాళ్ల ఆహార, పశువైద్య శాఖ ఆ వీడియోలన్నీ చూసి రిపోర్టు రాసింది. పేలే హార్పూన్ (ఓడ మీది తుపాకితోని కొట్టే పెద్ద ఈటె) తగిలినంక సుత చాన తిమింగలాలు వెంటనే చావలేదు, ఒకటైతే రెండు గంటల దాక కొట్టుకున్నది. ఆ రిపోర్టు బయటికి వచ్చినంక 2023 జూన్ 20న, సీజన్ రేపో మాపో మొదలైతదనంగ, మంత్రి వేటను ఆగస్టు 31 దాక ఆపింది. సెప్టెంబర్‌ల మళ్ల పర్మిషన్ వచ్చింది, ఇద్దరు ఆడోళ్లు ఓడల స్తంభాలెక్కి ఒక రోజుకు మించి దిగకుండ కూసున్నరు, అయినా ఓడలు పోయినయి, కాని ఆ ఏడు మొత్తం 24 తిమింగలాలే దొరికినయి. 2024ల వేట కాలేదు. ఆ డిసెంబర్‌ల ఐదేండ్లకు కొత్త లైసెన్సు ఇచ్చిండ్రు, అయినా 2025ల కంపెనీనే ఈ ఏడు పోం అన్నది.

అంటే ఏం అర్థమైతుంది? లక్షల లైకులు వచ్చిన వీడియోతోని ఆగలే. సర్కారు మనిషే ఓడెక్కి, టైము రాసుకొని తీసిన వీడియోతోని ఆగింది. ఆ రిపోర్టును జనం చదివేటట్టు తలా ఒక భాషల చెప్పినోళ్లు ఉన్నరు చూడుండ్రి, గా పని మనది. మరి ఇంతల మనం గెలిచినమని చెప్పుకునుడు సుత వద్దు, లైసెన్సు ఇంకా ఉన్నది.

నార్వేల వేరే లెక్క. అక్కడ సర్కారు ఏడాదికి వెయ్యికి పైన మింకె (జర చిన్న రకం) తిమింగలాలు కొట్టొచ్చని కోటా ఇస్తది, ఓడలోళ్లు సగమో అంతకు తక్కువనో కొడుతున్నరు. ఎందుకంటే తినేటోళ్లు తగ్గిండ్రు. ఎనుమాముల యార్డుకు కొనేటోడు రాకుంటే మిర్చి బస్తాలు ఎన్ని దించితే ఏం ఫాయిదా, గట్లనే. జపాన్‌ల సుత 1960లల ఏడాదికి రెండు లక్షల టన్నులకు పైన తినేటోళ్లు, ఇప్పుడు రెండు వేల టన్నుల కాడ ఉన్నది. అమ్ముకునేటందుకు 2023ల యోకోహామాల తిమింగలం మాంసానికి వెండింగ్ మిషన్లు సుత పెట్టిండ్రు, గంతగనం గిరాకి పడిపోయింది.

సరే, చేరితే నాకేం పని ఇస్తరు?

పని మీరే ఎంచుకోవాలె, ఎవరికి ఏది వస్తదో అది. ఇంగ్లీషు మంచిగొచ్చినోళ్లు రిపోర్టులు చదివి తెలుగుల నాలుగు ముక్కలు రాస్తరు. తెలుగు టైపింగ్ స్పీడున్నోళ్లు వీడియోలకు సబ్‌టైటిల్స్ రాస్తరు, వీడియో తీసినోళ్లను అడిగి, వాళ్లు సరే అన్నంకనే. ఓపికున్నోళ్లు తెలుగు వికీపీడియాల వ్యాసాలు సరిచేస్తరు, అక్కడ మాత్రం మన కోపం మన అభిప్రాయం నడవది, ప్రతి వాక్యానికి ఆధారం చూపియ్యాలె, లేకుంటే వేరే ఎడిటర్లు తీసేస్తరు, తీసేస్తే వాళ్లతోని లొల్లి పెట్టుకోవద్దు.

ఇంకో పనున్నది, నాకైతే అదే మస్తు ఇష్టం. జూనివర్స్ అని ఒక సైటుంటది, సైంటిస్టులు వాళ్ల కాడున్న లక్షల ఫోటోలు, సౌండ్ రికార్డింగులు అందుల పెడ్తరు, మామూలు జనం చూసి గుర్తు పట్టాలె. తిమింగలాల ప్రాజెక్టులు అప్పుడప్పుడు వస్తుంటయి. సముద్రంల రికార్డయిన సౌండ్‌ను బొమ్మలెక్క గీసి చూపిస్తరు, నల్లటి తెర మీద కింద నుంచి మీదికి వంగిన తెల్ల గీత కనపడితే అక్కడ పిలుపున్నట్టు, అడ్డంగ మసక మసకగ ఉంటే ఓడ ఇంజను. మొదట్ల ఏం అర్థం కాదు, అన్నీ ఒక్క తీరే కొడ్తయి, చూడంగ చూడంగ కన్ను అలవాటైతది. ఇంకోటి హ్యాపీవేల్. హంప్‌బ్యాక్ తిమింగలం నీళ్లల్లకు మునిగేటప్పుడు తోక లేపుతది, తోక అడుగున నలుపు తెలుపు మచ్చలు ఒక్కోదానికి ఒక్కో రకం, ఆ ఫోటో పెడితే ఇదే తిమింగలం ఇంతకుముందు ఏ సముద్రంల కనపడ్డదో సరిపోల్చి చెప్తది. మన దగ్గర తోకల ఫోటోలు ఏడుంటయి అంటరేమో, మనోళ్ల పిల్లలు అమెరికాల ఆస్ట్రేలియాల వేల్ వాచింగ్ పోయి స్టేటస్‌లు పెడుతలేరా, అడిగి ఎక్కిపియ్యుండ్రి.

ఉత్త లెక్కలు, మచ్చలు, గీతలు. దీంతోని వేట ఎట్ల ఆగుతదక్కా?

లెక్కలు తప్పుగుంటే ఏమైతదో చెప్త. సోవియట్ ఓడలు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఏండ్లకేండ్లు కమిషన్‌కు దొంగ లెక్కలిచ్చినయి, దగ్గర దగ్గర లక్షా ఎనభై వేల తిమింగలాలను రాయకుండ దాచిపెట్టినయి. కమిషనోళ్లు ఆ లెక్కలు నమ్మి ఇంకా మస్తున్నయి అనుకున్నరు. 1990లల సోవియట్ సైంటిస్టులే అసలు లెక్కలు బయట పెట్టిండ్రు, అప్పటిదాక అవి దాచి కాపాడినోళ్లున్నరు.

అందుల మన పక్క సముద్రం కథ సుత ఉన్నది. అరేబియా సముద్రంల హంప్‌బ్యాక్ తిమింగలాలుంటయి, మిగతా హంప్‌బ్యాక్‌లు చలి సముద్రాలకు పోయొస్తయి గాని ఇవి ఏడికీ పోవు, ఏడాదంత ఇక్కడనే. 1965, 66ల సోవియట్ ఓడలు ఒమాన్, పాకిస్తాన్, మన గుజరాత్ దిక్కు 242 హంప్‌బ్యాక్‌లను కొట్టినయి. ఇప్పుడు ఒమాన్ దిక్కు వంద లోపే ఉంటయని అంచనా. 2017ల లుబాన్ అని పేరు పెట్టిన ఆడ తిమింగలానికి ఒమాన్ కాడ శాటిలైట్ ట్యాగ్ పెడితే అది సముద్రం దాటి గోవా దిక్కు వచ్చి, అక్కడి నుంచి దక్షిణానికి దేశం కొస దాక పోయింది. తిమింగలాలు మనయి కావు అనేటోళ్లకు నేను ఇదే చెప్త.

రక్తంతోని ఎర్రగైన సముద్రం వీడియో వచ్చింది, జపాన్‌దట, గ్రూపుల పెట్టాల్నా?

పెట్టకుండ్రి, ముందు చూడుండ్రి. ఈ వీడియో ఏడాదికోసారన్న తిరిగి వస్తది. నీళ్ల పక్కన చెట్లు లేని పచ్చటి గుట్ట, రంగురంగుల చిన్న ఇండ్లు, నడుముల్లోతు నీళ్లల్ల స్వెట్టర్లేసుకున్న మనుషులు, వాళ్ల చేతుల కొక్కేలు తాళ్లు, నల్లటి గుండు తల జంతువులు, ఇవి కనపడ్డయా? అయితే అది జపాన్ కాదు, ఫారో దీవులు. డెన్మార్క్ రాజ్యంల ఉంటయి కాని సొంత పాలన. అవి పైలట్ తిమింగలాలు. పడవలతోని తరిమి ఒడ్డుకు తెచ్చి కొడ్తరు, మాంసం ఊరోళ్లు పంచుకుంటరు.

దీనికి తోడు ఒక పాత కథ తిరుగుతది, "అక్కడ పోరగాండ్లు మగోళ్లయినట్టు చూపిచ్చుకునేటందుకు చంపుతరు" అని, అది ఈమెయిల్ల కాలం నుంచి ఉన్న అబద్ధం. అబద్ధంతోని మనకేం పని, నిజమే సరిపోతది. 2021 సెప్టెంబర్ 12న ఒక్క రోజే 1,428 డాల్ఫిన్లను చంపిండ్రు, అది చూసి ఫారో జనమే చాన మంది తప్పన్నరు, 2022ల అక్కడి సర్కారు ఆ రకం డాల్ఫిన్లకు ఏడాదికి 500 అని లిమిట్ పెట్టింది. అక్కడి పెద్ద డాక్టర్లు 2008లనే చెప్పిండ్రు, ఈ మాంసంల పాదరసం మస్తున్నది తినొద్దు అని. వాళ్ల డాక్టరు మాట వాళ్లకు చెప్తే వింటరా, మనం రాక్షసులని తిడితే వింటరా, మీరే చెప్పుండ్రి.

చెక్ చేసుడు ఎట్లంటే, వీడియో ఆపి స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌ల వెయ్యుండ్రి, అన్నిటికన్న పాత తారీఖు ఏదో చూడుండ్రి, జెండా, ఓడ మీద పేరు, గుట్టలు ఎట్లున్నయో చూడుండ్రి. తేలకుంటే షేర్ చెయ్యకుండ్రి, గంతే. "నిజమో కాదో తెల్వదు కాని చూడుండ్రి" అని పెట్టేటోళ్లను మాత్రం నేను గ్రూపుల నుంచి తీసేస్త, ముందే చెప్తున్న.

ఇంకొకటి, మన పేపర్లల్ల టీవీలల్ల తిమింగలం అని వేసే ఫోటో చాన సార్లు వేల్ షార్క్ ఉంటది. ఒంటి మీద తెల్ల చుక్కలుంటే, తోక చేపలెక్క నిలువుగుంటే అది చేప, మొప్పలతోని శ్వాస తీసుకుంటది. తిమింగలం తోక అడ్డంగ ఉంటది, గాలి కోసం మీదికి వస్తది, పాలిచ్చి పెంచుతది. 2021 డిసెంబర్‌ల వైజాగ్ దగ్గర తంతడి బీచ్‌ల వలల పడితే అటవీ శాఖోళ్లు, జాలరోళ్లు కలిసి లోపలికి పంపింది వేల్ షార్క్‌నే. అదీ కాపాడవలసిందే, కాని ఫోటో తప్పు పెడితే మన మాట ఎవడు నమ్ముతడు.

దావత్‌ల మటన్ తిని వచ్చి తిమింగలం మీద జాలి చూపిస్తే నవ్వరా?

నవ్వుతరు, నవ్వనియ్యుండ్రి. మన గ్రూపుల మాంసం తినేటోళ్లే ఎక్కువ, నేను సుత తింట, మేడారం పోయొచ్చి కోడి కొయ్యకుంటే మా అత్తమ్మ ఊకోదు. తేడా ఎక్కడున్నదో చెప్పే ధైర్యముండాలె. మేకలను మనం పెంచుతం, అవి తరుగుతలేవు. తిమింగలాలను ఎవరు పెంచుతలేరు, చాన రకాలు రెండు మూడేండ్లకు ఒక్క పిల్లను కంటయి, కడుపుల ఏడాది దాక మోస్తయి. ఇరవయ్యో శతాబ్దంల దగ్గర దగ్గర 30 లక్షల తిమింగలాలను చంపిండ్రు. 1930–31 సీజన్ ఒక్క దాంట్లనే అంటార్కిటికా దిక్కు 29 వేలకు పైన నీలి తిమింగలాలు పోయినయి, అవి ఇప్పటిదాక కోలుకోలే. ఇంకోటి చంపే తీరు, ఊగే ఓడ మీద నుంచి, కదిలే జంతువును, ఒక్క దెబ్బకు చంపుడు ఎంత చేసినా గ్యారంటీ లేదు. నేను చెప్పేది ఇంతే, దీన్ని విన్నంక సుత నవ్వేటోళ్లతోని కామెంట్ల వాదన పెట్టుకోకుండ్రి.

అడవి బిడ్డలు సుత తిమింగలాలు వేటాడ్తరట, వాళ్లను సుత ఆపాల్నా?

ఆపొద్దు. అలాస్కా, గ్రీన్‌లాండ్, రష్యాల చుకోత్కా, కరీబియన్‌ల సెయింట్ విన్సెంట్ దిక్కు తరతరాలుగ తిండి కోసం కొట్టే జనానికి కమిషనే వేరే కోటా ఇస్తది, లెక్క రాస్తది. ములుగు, ఏటూరునాగారం దిక్కు కోయోళ్లకు అడవితోని ఏం సంబంధమున్నదో తెలిసిన మనం, పోడు లొల్లులు కండ్ల ముందర చూసినోళ్లం, మంచుల ఉండే జనాన్ని ఇక్కడ ఏసీల కూసొని తిట్టుడు ఏం బాగుంటది? అందుల సుత ప్రశ్నలున్నయి, అమ్ముకుంటున్నరా, ఎంత కొడుతున్నరు అని, అవి అడిగేటోళ్లు అడుగుతున్నరు. మన గ్రూపు ఆ జోలికి పోదు.

జపానోళ్ల పేజీల కింద బూతులు రాస్తే తప్పేంది? వాళ్లకు సిగ్గు రావాలె కదా.

సిగ్గు రాదు, పట్టుదల వస్తది. తిమింగలం మాంసం ఇష్టంగ తిననోడు సుత బయటి దేశపోడు వచ్చి తిడితే "మా ఆచారం మా ఇష్టం" అంటడు, మనమైతే అనమా? అంతేకాదు, అక్కడనే ఈ వేటను వద్దనేటోళ్లున్నరు, మన బూతులతోని వాళ్ల నోరు మూతపడ్తది. జాతిని తిట్టుడు, చంపుతమని బెదిరిచ్చుడు, హోటలోళ్ల ఫోన్ నంబర్లు, ఇండ్ల అడ్రస్‌లు పెట్టుడు, ఇవి చేస్తే మీ అకౌంట్ పోతది, ఇంకా ముందుకుపోతే పోలీసోళ్ల కేసు. ఎవరన్న అట్ల చేస్తే మనకు సంబంధం లేదు.

పాల్ వాట్సన్ లెక్క ఓడతోని ఎదురుపోతేనే కదా పని అయ్యేది?

ఆయన తొవ్వ వేరు. 1977ల సీ షెపర్డ్ అని తిమింగలాల వేటను అడ్డుకునే సంస్థ పెట్టిండు, ఓడలకు ఓడలు అడ్డం పెట్టిండు, 2022ల అందుల నుంచి బయటికొచ్చిండు. 2024 జూలైల గ్రీన్‌లాండ్ రాజధాని నూక్‌ల పట్టుకున్నరు, జపాన్ మాకు అప్పజెప్పుండ్రి అన్నది, డెన్మార్క్ ఇయ్యలే, డిసెంబర్ 17న విడిచిపెట్టిండ్రు. ఆయన మీద మన గ్రూపుల రెండు మాటలున్నయి, కొందరికి దేవుడు, నాకు మాత్రం ఆ తీరు మీద డౌట్లున్నయి. కాని జైల్ల ఉన్నన్ని రోజులు ప్రపంచం మొత్తం జనం డెన్మార్క్‌కు రాస్తనే ఉన్నరు, అది చూసి నేర్చుకోవాల్సిందే.

పిటిషన్ల మీద సంతకాలు పెడితే లాభముందా?

కొంచెం. సంతకం పెట్టి పని అయిపోయిందనుకునుడు కన్నా పెట్టకపోవుడే మేలు అనిపిస్తది నాకు. ఏ పిటిషన్ అయినా ఎవరికి పోతుంది, ఎప్పుడు పోతుంది, ఏం అడుగుతుంది అని మూడూ రాసి ఉండాలె, లేకుంటే అది మీ ఈమెయిల్ అడ్రస్ జమ చేసేటందుకే. 2024 సెప్టెంబర్‌ల పెరూల, లిమాల కమిషన్ మీటింగ్ అయింది, దక్షిణ అట్లాంటిక్ సముద్రాన్ని వేట లేని ప్రాంతం చేద్దామని తీర్మానం పెట్టిండ్రు, నాలుగింట మూడొంతుల ఓట్లు కావాలె, ఒక్క ఓటుతోని పోయింది. ఒక్క ఓటు! గట్లాంటి మీటింగ్‌కు ఆర్నెల్ల ముందు ఆ ఓటేసే దేశాల ఎంబసీలకు రాస్తే దానికి విలువుంటది, అయిపోయినంక ఏడుపు ఎమోజీలు పెడితే ఏమొస్తది.

మెయిల్ ఎట్ల రాయాలె? నాకు ఇంగ్లీష్ అంత రాదు.

అంత రాకున్నా పర్వాలేదు, చిన్న చిన్న వాక్యాలే మంచిగుంటయి. పేరు, ఊరు రాయుండ్రి, తెలంగాణల వరంగల్ అని ఖచ్చితంగ రాయుండ్రి. తర్వాత ఒక్క నిజం, తారీఖుతోని. తర్వాత ఒక్కటే కోరిక. "2023ల మీ శాఖ రిపోర్టుల తిమింగలం చావనీకి ఇంత సేపు పట్టిందని చదివిన, వచ్చే సీజన్‌ల పర్మిషన్ ఇయ్యొద్దని అడుగుతున్న" అని, గింతే. రక్తం ఫోటోలు పెట్టొద్దు, తెరవరు. ఒక్కరు రాసింది వంద మంది కాపీ కొట్టి పంపిస్తే అవతల కంప్యూటరే పక్కకు పడేస్తది, గందుకే గ్రూపుల నమూనా ఇయ్యం, ఎంత అడిగినా ఇయ్యం. ట్రాన్స్‌లేషన్ యాప్‌ల వేసి పంపే ముందు ఇంగ్లీష్ వచ్చినోళ్లతోని ఒక్కసారి చదివిపియ్యుండ్రి.

ఇక్కడ చెరువులే ఆగమైతున్నయి, ముందు మన భద్రకాళి చెరువు సంగతి చూసుకోవద్దా?

చూసుకోండ్రి, ఎవరొద్దన్నరు. మన గ్రూపుల సగం మంది చెరువుల కాడ, పాఖాల కాడ పిట్టల లెక్కలు తీసేటోళ్లే. అడిగేటోడు మాత్రం రెండూ చెయ్యడు, అది నేను చాన సార్లు చూసిన.

వేట ఒక్కటి ఆగితే తిమింగలాలు బతికినట్టేనా?

కాదు, ఈ మాట చెప్తే కొత్తోళ్లకు నిరాశైతది కాని చెప్పాలె. ఇయ్యాల హార్పూన్ కన్నా చేపల వలలల్ల చిక్కి చచ్చేటియే చాన ఎక్కువ, తిమింగలాలు, డాల్ఫిన్లు అన్నీ కలిపి ఏడాదికి మూడు లక్షల దాక అని అంచనా. ఓడలు గుద్దుడు ఒకటి, ఇంజన్ల సప్పుడు ఒకటి. మన తీరాలకు చచ్చి కొట్టుకొచ్చిన వార్త చూస్తే తారీఖు, ఊరు, ఫోటోతోని గ్రూపుల పెట్టుండ్రి, ఇండియాల సముద్ర క్షీరదాల మీద పని చేసే సైంటిస్టుల నెట్‌వర్క్ ఒకటున్నది, వాళ్లు ఇట్లాంటివి రికార్డు చేస్తరు. వైజాగ్, కాకినాడ, శ్రీకాకుళం దిక్కు చుట్టాలున్నోళ్లు దీనికి మస్తు పనికొస్తరు.

మనోళ్లు గెలిచింది సుత ఒకటున్నది. డాల్ఫిన్లను తెచ్చి నీళ్ల తొట్లల్ల ఆడిపిచ్చే పార్కులు పెడ్తమని ఇక్కడ ప్లాన్లేస్తే జనం అడ్డం పడ్డరు, 2013 మేల కేంద్రం దేశంల ఎక్కడా పర్మిషన్ ఇయ్యొద్దని చెప్పింది. గ్రూప్స్‌కు ప్రిపేరయ్యేటోళ్లు ఇది రాసి పెట్టుకోండ్రి, పరీక్షల వస్తే నాకు స్వీట్ తేవాలె.

అంబర్‌గ్రిస్ అమ్ముతమని ఒకరు మెసేజ్ పెట్టిండు, కోట్లల్ల పోతదట. కొంటే తప్పా?

తప్పు కాదు, నేరం. అది స్పెర్మ్ తిమింగలం పేగులల్ల తయారయ్యేది, సెంట్లల్ల వాడేటోళ్లు. మన వన్యప్రాణి చట్టంల స్పెర్మ్ తిమింగలం షెడ్యూల్ ఒకట్ల, అంటే అన్నిటికన్న ఎక్కువ రక్షణున్న లిస్టుల ఉన్నది, దాని ముక్క ఇంట్ల పెట్టుకున్నా, కొన్నా, అమ్మినా మూడు నుంచి ఏడేండ్ల జైలు, తక్కువల తక్కువ 25 వేల జుర్మానా. ఆ మెసేజ్‌లల్ల సగం మోసం, మైనం ముద్దలు చూపిచ్చి పైసలు గుంజుడే. స్క్రీన్‌షాట్ తీసి అటవీ శాఖోళ్లకు చెప్పుండ్రి, మీరు బేరమాడి పట్టిస్తమని హీరో వేషాలేయకుండ్రి.

చందాలు కట్టాల్నా?

వద్దు. మనం ఎవరి దగ్గర పైసలు తీసుకోం, ఎవరికీ పంపం. మన పేరు చెప్పి క్యూఆర్ కోడ్ పెట్టినోడు దొంగే. బయటి దేశం నుంచి పైసలొస్తయంటే దానికి ఎఫ్‌సీఆర్ఏ చట్టముంటది, రిజిస్ట్రేషన్ లేకుండ తీసుకుంటే జైలు చూడాల్సొస్తది, ఆ తలనొప్పి మనకెందుకు.

మా అన్న టోక్యో పోతుండు, ఆయనకేం చెప్పాలె?

తిమింగలం మాంసం ఆర్డర్ పెట్టొద్దని, ప్యాక్ చేసి తేవొద్దని. రుచి చూద్దామనుకునే టూరిస్టులే ఐస్‌లాండ్‌ల మింకె మాంసానికి పెద్ద గిరాకి అయిండ్రు ఒకప్పుడు. వేరే దేశం నుంచి తెస్తే ఎయిర్‌పోర్టుల పట్టుకుంటరు, అంతర్జాతీయ ఒప్పందం కింద ఆ వ్యాపారం బంద్. చూడాలనుకుంటే పడవెక్కి బతికున్నదాన్ని చూడుమనుండ్రి, ఆ పైసలు పోయేది చూపిచ్చేటోళ్లకు.

ఆ వీడియోలు చూస్తే రాత్రి నిద్ర పడ్తలేదు.

చూడకుండ్రి. పని చేసేటందుకు వీడియో చూడాల్సిన అవసరం లేదు, రిపోర్టు చదివితే చాలు. పదో తరగతి లోపు పిల్లలున్న ఇండ్లల్ల ఫోన్ల ఆటోప్లే బందు పెట్టుండ్రి. వీడియో చెక్ చేసే పని వద్దనిపిస్తే సబ్‌టైటిల్స్‌కు రాండ్రి, ఎవరూ ఏమనరు.

కాలేజీల చూపిచ్చేటందుకు సర్టిఫికెట్ ఇస్తరా?

ఇయ్యం, సంస్థనే లేదు కదా, ఎవరి సంతకం పెట్టాలె? జూనివర్స్‌ల అకౌంట్ చేసుకొని పని చేస్తే మీరు ఎన్ని గుర్తు పట్టిండ్రో అందుల లెక్క కనపడ్తది, వికీపీడియాల మీరు చేసిన ప్రతి మార్పు మీ యూజర్ పేరు మీద ఉంటది, అవి చూపిచ్చుకోండ్రి. సర్టిఫికెట్ లేదంటే గ్రూపుల నుంచి లెఫ్ట్ అయ్యేటోళ్లు ఇప్పుడే కాండ్రి, ఇంకా పని ఇయ్యలే కాబట్టి ఎవరికి నష్టం లేదు.